అత్తగారి చిరునామాలు

అమెరికా ఇమిగ్రెంట్ వీసాకి డి.ఎస్-260 అని ఒక ఆన్‌లైన్ ఫారం ఉంది. అందులో ఒకచోట, పదహారేళ్ళు నిండినప్పట్నుంచీ మీరు ఏయే ఇళ్ళల్లో ఉన్నారో, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా ఉన్నారో మొత్తం రాయమంటుంది. నాలాంటివాడికి అదేమంత కష్టం కాదు. ఖమ్మంలో సొంతిల్లు, వరంగల్లో హాస్టలు, హైదరాబాదులో రెండు అద్దె గదులు, ఆపైన ఇక్కడ నార్త్ కరోలినాలో మూడు అపార్ట్‌మెంట్లు, ఒక ఇల్లు. పాత ఈమెయిళ్ళు వెతుక్కుంటే పావుగంట పని. కానీ ఆ ఫారం నాకోసం కాదు, మా అత్తగారి కోసం.

2023 ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి, గుంటూరులో ఆవిడకి ఆదివారం పొద్దున, ఫోన్ స్పీకర్లో పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నా భార్య పక్కనే బట్టలు మడత పెడుతోంది.

"మొదటి ఇల్లు చెప్పండి అత్తయ్యా."

"మాచర్లలో కరణంగారి వెనకిల్లు బాబూ."

"డోర్ నంబరు?"

"దానికి తలుపే సరిగ్గా పడేది కాదు, ఇంక నంబరెక్కడిది!"

మా మామగారు బడిపంతులు. బదిలీల మీద పల్నాడంతా తిరిగారు. మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ళ, మళ్ళీ మాచర్ల, వినుకొండ, నరసరావుపేట. రిటైరయ్యాక గుంటూరు. ఒక్కో ఊళ్ళో ఒక ఇల్లు అనుకుంటే పొరపాటే. ఓనరుతో గొడవైతే ఇంకో ఇల్లు, మరుదులు చదువుకోడానికి వస్తే ఇంకాస్త పెద్దిల్లు. ఎప్పుడు అంటే ఆవిడ దగ్గర తేదీల్లేవు. దివిసీమ ఉప్పెన సంగతి రేడియోలో విన్నది దాచేపల్లి ఇంట్లో. కాబట్టి 1977 నవంబరుకి అక్కడున్నారు. రామారావు గెలిచినప్పుడు పిడుగురాళ్ళ, అంటే 1983 జనవరి. ఇందిరాగాంధీని కాల్చిన రోజున మామగారు బడి నుంచి మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశారు, "అప్పుడు మీ ఆవిడ నా కడుపులో ఉంది, ఏడో నెల." 1984 అక్టోబరు, రెండోసారి మాచర్ల. వినుకొండ ఇంట్లో బావినీళ్ళు ఉప్పన. నరసరావుపేటలో మొదటిసారి గ్యాసు పొయ్యి. ఒక ఇంటి అడ్రసు అడిగితే ఆ ఓనరు భార్యకి పిల్లల్లేకపోవడం, వాళ్ళ గేదె, ఆ గేదె పాలు తాగి నా భార్య పెరగడం, ఆ గేదె చచ్చిపోయినప్పుడు ఇంటిల్లిపాదీ అన్నం మానెయ్యడం, ఇవన్నీ వచ్చేవి. ఎక్సెల్ షీట్లో ఇంకో కాలమ్ పెట్టి అవి కూడా రాసుకున్నాను. ఫారంలో వాటికి చోటు లేదు.

మధ్యలో ఇంకో ప్రశ్న వచ్చింది. మీకు కమ్యూనిస్టు పార్టీలో గానీ అలాంటి ఇంకో పార్టీలో గానీ సభ్యత్వం ఉందా? ఇది నేను ముందే భయపడ్డ ప్రశ్న. మామగారు ఉపాధ్యాయ సంఘంలో బాగా తిరిగిన మనిషి. ఇంటికి విశాలాంధ్ర, ప్రజాశక్తి రెండూ వచ్చేవి. మీటింగులున్న రోజున ఇంట్లో పదిహేను మందికి భోజనాలు. అడిగాను.

"సభ్యురాల్ని కాదు బాబూ. సభ్యులకి వండిపెట్టినదాన్ని. అదేమన్నా అడిగాడా?"

అడగలేదు. 'కాదు' దగ్గర క్లిక్ చేశాను.

గంటన్నరకి పది ఇళ్ళు తేలాయి. తేదీల వరసలో సర్దితే పైన రెండేళ్ళ ఖాళీ కనపడింది. పాస్‌పోర్టు ప్రకారం ఆవిడకి పదహారేళ్ళు నిండింది 1973 జులైలో, పెళ్ళయింది 1975లో.

"అత్తయ్యా, 73 నుంచి 75 దాకా ఎక్కడున్నారు?"

కాసేపు ఏమీ వినపడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. నా భార్య బట్టలు పక్కన పెట్టి, ఆగమన్నట్టు నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"పుట్టింట్లో" అన్నారు చివరికి. "అది కూడా రాయాలా?"

"రాయాలండీ."

"రాయండి అయితే" అని ఊరి పేరొక్కటి చెప్పి, పొయ్యి మీద పప్పుందని పెట్టేశారు.

*

కొంచెం వెనక్కి వెళ్ళాలి. నా భార్య 2007లో పీహెచ్‌డీకి వచ్చింది, బయాలజీ. పరిశోధనలో పేరు తెచ్చుకున్నవాళ్ళకిచ్చే ఇ.బి.1 కోటాలో 2015లో గ్రీన్‌కార్డ్ వచ్చింది. నేను 2013లో తనని పెళ్ళి చేసుకుని డిపెండెంట్ వీసా మీద వచ్చాను. నా గ్రీన్‌కార్డూ తన కాగితాల తోకే. మొదటి రెండేళ్ళూ నాకు పని చేసే హక్కు లేదు. హైదరాబాదులో ఆరుగురి టీముని నడిపినవాణ్ణి, క్యారీలో వంట చేసి, గిన్నెలు కడిగి, పబ్లిక్ లైబ్రరీకి నడిచి వెళ్ళేవాణ్ణి. చదివిన పుస్తకం గురించి నాలుగు ముక్కలు రాసే అలవాటు అప్పుడు పట్టిందే. 2020 చివర్లో తను అమెరికా పౌరురాలైంది. నేను కాలేదు. ఎందుకు కాలేదో తర్వాత చెప్తాను, చెప్పగలిగితే.

2021 మేలో మామగారు కోవిడ్‌తో పోయారు. తను పదో రోజుకి చేరగలిగింది. దహనం వాట్సాప్‌లో చూసింది. తిరిగొచ్చాక రెండు నెలలు ఆ విషయం ఎత్తలేదు. ఆగస్టులో ఒకరోజు రెండు ఐ-130 పిటిషన్లు నింపి నా ముందు పెట్టింది, స్పెల్లింగులు చూడమని. ఒకటి తల్లికి, ఒకటి తమ్ముడికి.

చట్టం కళ్ళకి తల్లీ తమ్ముడూ ఒకటి కారు. 21 ఏళ్ళు దాటిన పౌరుల తల్లిదండ్రులు 'ఇమ్మీడియట్ రెలెటివ్స్' కిందకొస్తారు. వాళ్ళకి ఏడాదికి ఇంతమందే అనే పరిమితి లేదు. తోబుట్టువులు మాత్రం ఎఫ్4 అనే క్యూలో నిలబడాలి. ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు, దానికి తోడు ఒక్కో దేశానికి 7 శాతం హద్దు. ఇండియా వరస 2006 దగ్గర నడుస్తోంది. అంటే మా ఆవిడ ఈ దేశానికి రాకముందు పిటిషన్ వేసినవాళ్ళ వంతు ఇప్పుడొస్తోంది.

ఫోన్లో బావమరిదికి ఇది వివరించినప్పుడు వాడి కూతురికి నాలుగేళ్ళు. "అంటే బావా, మా బుజ్జి ఇంజినీరింగ్ అయ్యేసరికి మాకు పిలుపొస్తుందన్నమాట" అని నవ్వాడు. వస్తుంది, కానీ అప్పటికి బుజ్జికి 21 దాటితే అమ్మానాన్నలతో పాటు రానివ్వరు. పిటిషన్ ఆఫీసులో పెండింగులో ఉన్న కాలాన్ని పిల్లల వయసులోంచి తీసేసే చట్టం ఒకటి 2002లో వచ్చింది గానీ, ఆ తర్వాత క్యూలో గడిచిన ఏళ్ళని అది తియ్యదు. చెప్పాను. వాడు కాసేపు ఆగి, "వెయ్యండి, వేస్తే పోయేదేముంది" అన్నాడు. ఆ తర్వాత ఇంతవరకూ ఒక్కసారి కూడా దాని గురించి అడగలేదు.

క్యూల గురించి విసుక్కునే హక్కు మనకి ఎంతుందో నాకు తెలీదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని తేల్చింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం తలుపు తీసినప్పుడు మనకిచ్చిన కోటా ఏడాదికి 100 మంది. 1965 చట్టం కుటుంబ బంధుత్వాలకి పెద్దపీట వేసింది. అలా చేస్తే అప్పటికే ఇక్కడున్న యూరప్‌ వాళ్ళ చుట్టాలే ఎక్కువగా వస్తారని కొందరి లెక్క. ఆ లెక్క తప్పింది. మా వీధిలో పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళే చీరలూ చుడీదార్లూ స్పోర్ట్స్ షూలూ అన్నీ ఆ తప్పిన లెక్కే.

*

అత్తగారికి బర్త్ సర్టిఫికెట్ లేదు. ఆ తరంలో పల్లెటూళ్ళలో చాలామందికి ఉండదు. జనన మరణాల నమోదుకి దేశమంతటికీ ఒక చట్టం వచ్చిందే 1969లో. లేనప్పుడు, లేదు అని ప్రభుత్వం నుంచి ఒక సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. డేటాబేసులో రికార్డు లేకపోవడం వేరు, లేదని ఒక రికార్డు ఉండటం వేరని ప్రోగ్రామర్లకి తెలుసు. ఆ తేడాకి మునిసిపల్ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో బావమరిదికి తెలిసొచ్చింది.

ఇంకో చిక్కు పేరు. పుట్టింట్లో పెట్టిన పేరు చివర 'అమ్మ' ఉంటుంది. పెళ్ళయ్యాక మామగారు, ఆధునికంగా ఉంటుందని, దాన్ని 'లక్ష్మి' చేశారు. బడి సర్టిఫికెట్లో అమ్మ, ఆధార్‌లో లక్ష్మి, నా భార్య బర్త్ సర్టిఫికెట్లో తల్లి పేరు దగ్గర గుమాస్తాగారు స్వయంగా కల్పించిన మూడో స్పెల్లింగు. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్. ఇది తేలిగ్గానే అయింది.

అసలు కష్టం, ఆవిడ పుట్టినప్పుడు ఎరిగి ఉన్న పెద్దవాళ్ళు ఇద్దరు ప్రమాణపూర్వకంగా ఇవ్వాల్సిన అఫిడవిట్లు. 67 ఏళ్ళ మనిషి పుట్టుకని చూసినవాళ్ళు ఎంతమంది మిగిలి ఉంటారు? ఒక మేనమామ వరసాయన దొరికాడు. రెండో మనిషి ఒక్కరే ఉన్నారు. అత్తగారి అక్క.

వాళ్ళ నాన్నకి సాగర్ కుడికాలవ కింద ఐదెకరాలు. మగపిల్లలు లేరు. పెద్దమ్మ పెళ్ళయ్యాక కూడా పుట్టింట్లోనే ఉండిపోయింది, ఆవిడ భర్త ఇల్లరికం వచ్చాడు. ముసలివాళ్ళిద్దరినీ చివరిదాకా చూసింది ఆవిడే. 2007లో నా భార్య ప్రయాణానికి, స్కాలర్‌షిప్ ఉన్నా, టికెట్టుకీ మొదటి రెండు మూడు నెలల ఖర్చుకీ మూడు లక్షలు కావాల్సొచ్చింది. అత్తగారు తన వాటా పంచమన్నారు. మిర్చికి ధర వచ్చేదాకా ఆగమంది అక్క. ఆగే వీలు లేదు, ఆగస్టులో కాలేజీ తెరుస్తారు. ఎవరో సలహా ఇచ్చారు, లాయరు నోటీసు వెళ్ళింది. వాటా వచ్చింది. మాటలు ఆగిపోయాయి. మామగారు పోయినప్పుడు కూడా పెద్దమ్మ రాలేదు. అప్పుడు కోవిడ్ కాబట్టి ఎవరూ ఎవరింటికీ పోలేదనుకోండి, కానీ ఫోన్ కూడా రాలేదు.

"నన్ను ఇక్కడికి పంపడానికి తెంచుకున్నారు. ఇప్పుడు అమ్మని తెచ్చుకోడానికి నేనే అతికించుకోవాలి" అంది నా భార్య. పెద్దమ్మకి తనే ఫోన్ చేసింది. పక్క గదిలో తలుపేసుకుని అరగంట మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. "రమ్మంది" అని మాత్రం అంది.

ఆ తర్వాతి ఆదివారం బావమరిది తల్లిని కార్లో తీసుకెళ్ళాడు. గుంటూరులో నోటరీ దగ్గర టైపు చేయించిన అఫిడవిట్ వెంట తీసుకెళ్ళాడు. ఇక్కడి నుంచి జరిగింది వాడు చెప్పిందే. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపిస్తున్నాడు. ఫలానా తేదీన అనేసరికి పెద్దమ్మ ఆపింది.

"ఏం తేదీ అన్నావు?"

"జులై ఒకటి, 57 పెద్దమ్మా."

"అబద్ధం."

1955 డిసెంబరు 10న నెహ్రూ నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. వాళ్ళ నాన్న బండి కట్టుకుని చూడ్డానికి వెళ్ళాడు. ఇంట్లో భార్యకి నెలలు నిండుతున్నాయి. అలా వదిలేసి వెళ్ళాడని ఆవిడ బతికున్నన్నాళ్ళూ దెప్పుతూనే ఉంది. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి, భోగి నాడు తెల్లవారుజామున, చెల్లెలు పుట్టింది. అక్కకి అప్పటికి తొమ్మిదేళ్ళు. మంత్రసానికి వేణ్ణీళ్ళు అందించింది ఆవిడే. జులై 1 అన్నది బళ్ళో వేసినప్పుడు మేష్టారు తనకి తోచింది రాసుకున్న తేదీ.

"నా చేతుల్లో పడ్డ పిల్లరా అది. దాని పుట్టిన్రోజు నాకు తెలీదా? ప్రమాణం చేసి అబద్ధం మీద సంతకం పెట్టమంటావా?"

బావమరిది నాకు ఫోన్ చేశాడు. మాకు తెల్లవారుజాము మూడు. "బావా, పెద్దమ్మ పెట్టనంటోంది. కోపంతో కాదు. తేదీ తప్పట."

ఎలాగోలా ఒప్పించి పెట్టించెయ్ అన్నాను. నిజంగానే అన్నాను. పాస్‌పోర్టు, ఆధార్, ఓటర్ కార్డు, పెన్షన్ కాగితాలు అన్నింట్లో జులై 1 ఉంటే ఇప్పుడు భోగి ఎక్కణ్ణుంచి తెస్తాం? మా ఉద్యోగాల్లో పడ్డ అలవాటు ఇది. సమస్య ఏమిటన్నది తర్వాత, ముందు టికెట్ క్లోజ్ అవ్వాలి. నా భార్య నిద్రమత్తులోనే ఫోన్ లాక్కుంది. "ఆగరా. పెద్దమ్మ ఏం చెప్తే అదే రాయించు" అంది.

అలాగే రాయించారు. ఫలానా ఊళ్ళో ఫలానా ఇంట్లో ఫలానా దంపతులకి నా చెల్లెలు పుట్టినప్పుడు నేను అక్కడ ఉన్నాను, అది సాగర్ ప్రాజెక్టు శంకుస్థాపన తర్వాత వచ్చిన సంక్రాంతి, 1-7-1957 అన్నది బళ్ళో వేసిన తేదీ, మిగతా కాగితాలన్నీ దాన్నిబట్టి వచ్చాయి. ఇలా రాస్తే అమెరికా వాళ్ళు తిప్పి పంపుతారని నోటరీ గొణిగాడట. "పంపనీ" అందిట పెద్దమ్మ.

అక్కాచెల్లెళ్ళు పదహారేళ్ళ తర్వాత ఏం మాట్లాడుకున్నారని అడిగితే, భోగి మంట వెయ్యకముందు పుట్టిందా వేశాక పుట్టిందా అని కాసేపు వాదించుకున్నారు, అంతే అన్నాడు బావమరిది. గుంటూరొచ్చి డిక్కీ తీస్తే అందులో ఒక సంచి నిండా ఎండుమిరపకాయలున్నాయి. ఎప్పుడు పెట్టించిందో వాడు చూడలేదు.

*

ఆ మార్చిలోనే నా భార్య పనిచేసే కంపెనీ తన టీము మొత్తాన్ని తీసేసింది. ఒక పదిహేను నిమిషాల వీడియో కాల్, సాయంత్రానికి ఈమెయిల్ పనిచెయ్యలేదు. సరిగ్గా ఆ నెలలోనే ఐ-864 పంపాల్సి ఉంది.

ఐ-864 అంటే, నేను పిలిపించుకుంటున్న మనిషి ఈ దేశానికి భారం కాకుండా నేను చూసుకుంటానని ఇచ్చే ఒప్పందం. ఇంట్లో ఇంతమంది ఉంటే పేదరికపు గీత ఇంత అని ప్రభుత్వం ఏటా ఒక పట్టిక వేస్తుంది. అందులో 125 శాతానికి తగ్గకుండా ఆదాయం చూపించాలి. పిటిషన్ వేసినవాళ్ళ జీతం చాలకపోతే అదే ఇంట్లో ఉంటున్న ఇంకొకరు తమ జీతాన్ని కలపొచ్చు. దానికి ఐ-864ఎ అని వేరే కాగితం. ఇక్కడ ఆ ఇంకొకరు నేను.

చదివాను. నేను టర్మ్స్ అండ్ కండిషన్స్ చదివే రకం కాదు గానీ, దీన్ని రెండుసార్లు చదివాను. మా భాషలో చెప్పాలంటే అదొక వైల్ లూప్. బయటపడే దారులు ముఖ్యంగా నాలుగు. ఆవిడ పౌరసత్వం తీసుకోవాలి. లేదా 40 క్వార్టర్ల పని ఆవిడ ఖాతాలో పడాలి, అంటే దాదాపు పదేళ్ళ ఉద్యోగం. లేదా ఈ దేశంలో నివాసం వదులుకుని శాశ్వతంగా వెళ్ళిపోవాలి. లేదా చనిపోవాలి. విడాకులు ఆ జాబితాలో లేవు. భార్యాభర్తలు విడిపోయినా ఒప్పందం అలాగే ఉంటుంది.

"ఒక్క రోజు టైం ఇవ్వు" అన్నాను.

"దేనికి?"

చెప్పలేకపోయాను. ఒక జీతం మీద ఇల్లు నడవాలి. అత్తగారికి బీపీ, షుగరు ఉన్నాయి. 65 దాటి వచ్చినవాళ్ళు అయిదేళ్ళు వరసగా ఉంటేగానీ డబ్బు కట్టి మెడికేర్ కొనుక్కోడానిక్కూడా వీలుండదు. ఇవన్నీ నిజమే, కానీ ఇవి కాదు. మా అమ్మానాన్నలకి ఇలాంటి కాగితం ఎవరు రాస్తారన్న ప్రశ్న వచ్చి గొంతులో కూర్చుంది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు భార్యకీ పిల్లలకీ పిటిషన్ వెయ్యొచ్చు గానీ తల్లిదండ్రులకి వెయ్యలేరు. దానికి పౌరుడై ఉండాలి. ఇంకోటి కూడా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉన్నా. మన ఇళ్ళల్లో అల్లుడంటే పండక్కి పిలిపించుకుని, బట్టలు పెట్టించుకుని, కూర బాగుందో లేదో చెప్పేవాడు. అల్లుడు అత్తగారికి రాసివ్వాల్సిన కాగితం అంటూ ఒకటుంటుందని నాకెవరూ చెప్పలేదు.

పొద్దున్నే కాఫీ కలుపుతుంటే 2013 గుర్తొచ్చింది. అప్పటికి తనది పోస్ట్‌డాక్ జీతం, చాలా తక్కువ. ఆ జీతం కాగితాలే చూపించి నాకు వీసా తెచ్చింది. రెండేళ్ళపాటు నా ఫోన్ బిల్లు, లైబ్రరీ ఫైన్లు, మా నాన్నకి నేను పంపిన డబ్బులు అన్నీ అందులోంచే. ఆ కాగితాలు పంపే ముందు తను ఒక రోజు టైం అడిగిన గుర్తు నాకు లేదు.

సంతకం పెట్టి టేబుల్ మీద ఉంచాను. తను చూసింది. "ఒక రోజు పట్టింది నీకు" అంది. ఇప్పటికీ ఏదన్నా గొడవైతే ఆ మాట బయటికొస్తుంది. నేనేమీ అనను. పట్టిన మాట నిజమే కదా.

*

మా కేసు ముంబై కాన్సులేట్‌కి పడింది. 2024 జనవరిలో బావమరిది తీసుకెళ్ళాడు. మీ అమ్మాయి ఏం చేస్తుంది, అల్లుడేం చేస్తాడు, వెళ్ళి ఎవరింట్లో ఉంటారు. నాలుగు నిమిషాలు. భోగి గురించి ఎవరూ అడగలేదు. "సాగర్ సంగతీ నెహ్రూ సంగతీ అంతా వరసగా చెప్దామని అనుకుని వెళ్ళా బాబూ, అడగలేదు" అని ఆవిడకి ఇప్పటికీ చిన్న వెలితి.

ఏప్రిల్లో వచ్చారు. నా భార్యకి అప్పటికి వేరే ఉద్యోగం దొరికింది. మన అమెరికా కథల్లో అమ్మలు రెండే రకాలు. ఎయిర్‌పోర్టులో ఏడ్చేవాళ్ళు, ఆరు నెలలకి మంచు చూసి విసుగొచ్చి వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు అసలు ఎలా వచ్చారో, ఏ క్యూలో వచ్చారో, కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో ఏ కథలోనూ నాకు తగల్లేదు. అలాంటి కథల మీద నేనే రెండు మూడు సమీక్షలు రాశాను. 'వలస వేదన' అనే మాట వాడాను. రాసిన మనిషి ఇంట్లో ఒక్క ఫారం కూడా నింపలేదని ఇప్పుడు చదివితే తెలిసిపోతుంది.

అత్తగారు ఏడవలేదు, విసుక్కోలేదు కూడా. క్యారీ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర ఇద్దరు స్నేహితురాళ్ళని సంపాదించారు. ఒకావిడది సత్తెనపల్లి. రోజూ పొద్దున వాట్సాప్‌లో అక్కతో మాట్లాడతారు, ఎక్కువగా మిర్చి గురించి. పోయిన దసరాకి నన్ను పిలిచి, సంక్రాంతికి ఊరెళ్ళి కోతలన్నీ అయ్యాక, మామిడిపళ్ళు కూడా చూసుకుని, వానలు పడ్డాక వస్తానన్నారు. లెక్క వేస్తే ఏడు నెలలు. ఆరు నెలలు దాటితే పౌరసత్వానికి కావాల్సిన అయిదేళ్ళ లెక్క తెగొచ్చు, ఏడాది దాటితే కార్డుకే ఎసరు అని చెప్పాను.

"కార్డంటే ఉండటానికి ఒప్పుకోవడం అనుకున్నా. ఉండి తీరాలని రాసుంటుందనుకోలేదు" అన్నారు. అయిదు నెలలకి టికెట్ బుక్ చేశాను.

"మీరెందుకు తీసుకోలేదు బాబూ, పౌరసత్వం?" అని కూడా అడిగారు, టికెట్ ప్రింటు చేతికిస్తుంటే.

2020 నుంచీ నాకు అర్హత ఉంది. ఎన్-400 సగం నింపి సేవ్ చేసి ఉంది. దేశభక్తి అనుకునేరు, 2009 తర్వాత నేను ఓటు కూడా వెయ్యలేదు. వేరే దేశపు పౌరసత్వం కోరి తీసుకుంటే మన పౌరసత్వం దానంతటదే పోతుంది. ఆ చట్టం కూడా నెహ్రూ నందికొండలో రాయి వేసిన ఆ డిసెంబరులోనే వచ్చింది. దాని బదులు ఓసీఐ కార్డు ఇస్తారు. 2006 జనవరిలో హైదరాబాదులోనే ఆ పథకం మొదలుపెట్టారు. ఓటుండదు, పొలం కొనుక్కోలేం, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. నేను పొలం కొనేదీ లేదు. మా డ్రాయర్లో మూడు పాస్‌పోర్టులుంటాయి, అత్తగారిదీ నాదీ ఇండియావి, తనది అమెరికాది. అన్నీ ముదురు నీలమే, చీకట్లో చెయ్యి పెడితే ఏది ఎవరిదో తెలీదు. అయినా ఆ ఫారంలో చివరి పేజీ దగ్గరకొచ్చేసరికి ఏదో పని గుర్తొస్తుంది. అత్తగారికి "చూద్దాం అండీ" అని చెప్పాను. ఆవిడ ఇంకేం అనలేదు.

నాన్నైతే ఖమ్మం వదలనని ఎప్పుడో చెప్పేశాడు. అమ్మ ఎప్పుడూ నేరుగా అడగదు. "మీ అత్తమ్మకు అక్కడ మంచిగనే ఉన్నదట గదా" అంటుంది. వాళ్ళిద్దరూ అప్పుడప్పుడూ ఫోన్లో మాట్లాడుకుంటారని తెలుసు. ఏం మాట్లాడుకుంటారో మాత్రం పోయిన నెలే తెలిసింది. అమ్మ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. మా చెల్లెలి పాత నోటుబుక్కులో ఒక పేజీ. నీలం రీఫిల్‌తో, స్కేలు పెట్టి గీతలు కొట్టి, వరస నంబర్లేసి రాసింది. కింద వాయిస్ మెసేజ్.

"పదహారేండ్ల సంది ఎక్కడెక్కడ ఉన్నమో రాసిన బిడ్డా. అడుగుతరట గదా, మీ అత్తమ్మ చెప్పింది. నీకు తిప్పలు ఉండొద్దని ఇప్పుడే రాసి పెట్టిన. మీ నాయనకు చెప్పకు."

తొమ్మిది వరసలున్నాయి. డోర్ నంబర్లు కూడా ఉన్నాయి. పెద్ద చేసి చూశాను. మూడోది ఇల్లందులో ఒక ఇల్లు. మేం ఇల్లందులో ఉన్నట్టు నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఫోన్ చేసి అడిగాను.

"అది నువ్వు పుట్టకముందు" అని మొదలుపెట్టింది.

ల్యాప్‌టాప్ తెరిచి, అత్తగారి షీట్ పక్కన ఇంకో షీట్ పెట్టాను.